చలి ముదిరేలోగా తోటలో ఇల్లు, కొట్టం, చెట్లు సిద్ధం చేసుకోవడం ఎలా?

మియాపూర్–మోమిన్‌పేట | నవంబరు 23, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మేము ఉండేది హైదరాబాదులో, మియాపూర్‌లో. వికారాబాద్ జిల్లా మోమిన్‌పేట దగ్గర మాకు నాలుగెకరాల తోట ఉన్నది. నిరుటి దాకా సెలవు రోజుల్లో వెళ్ళి చూసి వచ్చేవాళ్ళం కాబట్టి అక్కడి రాత్రి చలి గురించి ఆలోచించవలసిన అవసరం రాలేదు. ఈ ఏడు మా అత్తగారూ మామగారూ నగరం వదిలి తోటలోనే ఉండాలని నిశ్చయించుకున్నారు. వారికి తోడుగా ఉండే కాపలా దంపతులు, వారి ఇద్దరు చిన్న పిల్లలు రేకుల గదిలో ఉంటారు. రెండు బర్రెలు, ఒక ఆవు, కొన్ని నాటు కోళ్ళు ఉన్నాయి. బర్రెల్లో ఒకటి డిసెంబరు చివర ఈనవచ్చునని చెప్పారు. కాపుకు వచ్చిన బేనిషాన్ మామిడి చెట్లు, మొన్న వానకాలంలో నాటిన బొప్పాయి, కోతకు రాబోతున్న కంది కూడా ఉన్నాయి. తోట పల్లంలో, వాగు పక్కన ఉంటుంది.

సాయంత్రం ఆరు కాకముందే మంచు దిగుతున్నదని మామగారు ఫోనులో అంటున్నారు. ఇల్లు పాత పెంకుటిల్లు. కొట్టానికి పైన రేకులున్నాయి, ఒక్క పడమర వైపు తప్ప గోడలు లేవు. సంక్రాంతి దాటితే చలి తగ్గుతుందిలే అని సర్దుకుపోవచ్చునా, లేక ఇప్పుడే ఏర్పాట్లు చేసుకోవాలా? చేసుకోవాలంటే ముందుగా దేనికి చేతిలోని డబ్బు ఖర్చు పెట్టాలి? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

కోహీర్ జామతోట | నవంబరు 23, రాత్రి 10:25

మీరు చివర్లో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన సంగతే మీ ప్రశ్న మొత్తానికీ మూలం: తోట పల్లంలో ఉన్నది. మబ్బు లేని రాత్రి నేల తన వేడినంతా ఆకాశానికి వదిలేస్తుంది. నేలను అంటుకొని ఉన్న గాలి చల్లబడి, బరువెక్కి, వాననీటిలాగే వాలు వెంట జారి పల్లంలో నిలుస్తుంది. ఒకే ఊళ్ళో గుట్ట మీది పొలానికీ వాగు ఒడ్డు పొలానికీ తెల్లవారుజామున రెండు మూడు డిగ్రీల తేడా ఉండడం మేము ఏటా చూస్తున్నదే.

మా కోహీర్, మీ మోమిన్‌పేట హైదరాబాదు కన్నా ఎత్తైన నేల మీద ఉన్నాయి, పైగా నగరంలో రోడ్లూ గోడలూ రాత్రంతా వదిలే వేడి మనకు లేదు. అందుకే టీవీలో హైదరాబాదుకు 13 అని చెప్పిన రోజున మన దగ్గర ఒంటి అంకె కనిపిస్తుంది. నగరంలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 1946 జనవరి 8 నాటి 6.1 డిగ్రీలు, మా వైపు దానికి దగ్గరగా వచ్చే తెల్లవారుజాములు అరుదేమీ కావు. కాబట్టి మియాపూర్ చలిని బట్టి తోటలోని చలిని అంచనా వేయకండి. రాష్ట్ర ప్రణాళికా శాఖ వారి స్వయంచాలక వాతావరణ కేంద్రాల లెక్కలు మండలాల వారీగా వస్తాయి, వాటిని చూడండి. అంతకన్నా మేలు, గరిష్ఠ–కనిష్ఠ ఉష్ణోగ్రతలను గుర్తుపెట్టే థర్మామీటరు ఒకటి కొని కొట్టంలో పశువు వీపు ఎత్తున వేలాడదీయండి. మైదాన ప్రాంతంలో కనిష్ఠం 10 డిగ్రీలకో అంతకన్నా తక్కువకో పడి, మామూలు కన్నా కనీసం 4.5 డిగ్రీలు తగ్గినప్పుడు వాతావరణ శాఖ దానిని శీతల గాలి అంటుంది. మీ పల్లంలో ఆ పరిస్థితి ప్రకటన కన్నా ముందే వస్తుంది.

ఇక్కడి చలి నెలల తరబడి ఉండేది కాదు. డిసెంబరు నడుమ నుంచి సంక్రాంతి దాకా విడతలు విడతలుగా వచ్చే కొన్ని రాత్రులే కష్టమైనవి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దలు అననే అన్నారు. కానీ మన ఇళ్ళూ కొట్టాలూ ఎండను తప్పించుకోవడానికి కట్టినవి కావడం వల్ల ఆ కొద్ది రాత్రులే ముసలివారినీ లేగలనూ దెబ్బ తీస్తాయి. ఇప్పుడే మొదలుపెట్టండి.

ఒక మెలకువ: రాత్రి గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది కాబట్టి ఉత్తరం, తూర్పు మూయాలి. అయితే పొద్దున్నే కొట్టంలో ఎండ పడవలసిందీ తూర్పు నుంచే. అందుకని తూర్పున గోడ కట్టించకుండా, చుట్టి పైకి కట్టుకునే పరదా వేయించండి.

విశ్రాంత పశువైద్యుడు, రాజేంద్రనగర్ | నవంబరు 24, ఉదయం 7:40

పశువుల సంగతి నేను చెబుతాను. బర్రెకు ఒంటి మీద వెంట్రుక పలుచన కాబట్టి ఆవు కన్నా దానికి చలి ఎక్కువగా తగులుతుంది. అయినా కడుపు నిండిన పెద్ద పశువు మన చలిని తట్టుకోగలదు, ఎందుకంటే కడుపులో మేత పులిసేటప్పుడు పుట్టే వేడే దానిని రాత్రంతా కాపాడుతుంది. ఆ వేడి ఎక్కువగా పుట్టేది ఎండు మేత నుంచి. కాబట్టి రాత్రి గాడిలో వరిగడ్డి గానీ జొన్న చొప్ప గానీ నిండుగా వేయించండి. పచ్చిమేతను మంచు ఆరిన తరువాత పగటి పూట పెట్టండి. మంచుతో తడిసిన లూసర్న్ వంటి పప్పుజాతి మేతను ఖాళీ కడుపున మేపితే కడుపు ఉబ్బుతుంది. దాణాలో తవుడు, పల్లిచెక్క కొంచెం పెంచండి, ఉప్పూ ఖనిజ లవణ మిశ్రమమూ మానవద్దు. చలికాలంలో పశువు నీళ్ళు తక్కువ తాగడం వల్ల కూడా పాలు తగ్గుతాయి. తొట్టిలో రాత్రంతా నిలిచి చల్లబడిన నీళ్ళు పారబోసి, పొద్దున అప్పుడే తోడిన బోరు నీళ్ళు పెడితే ఇష్టంగా తాగుతాయి. భూమి లోపలి నీరు ఏడాది పొడవునా దాదాపు ఒకే వేడితో ఉంటుంది కాబట్టి ఈ రోజుల్లో అది గోరువెచ్చగానే వస్తుంది.

పశువులను కడగడం పొద్దెక్కి పదకొండు దాటిన తరువాతే. పాలు పితికిన తరువాత పొదుగు తడి తుడిచి, చన్నులు పగలకుండా కొద్దిగా నూనె రాయాలి.

పరదా విషయంలో ఒక హెచ్చరిక. కొట్టాన్ని నాలుగు వైపులా బిగించి కట్టేస్తే లోపలి మూత్రం, పేడ నుంచి వచ్చే అమ్మోనియా బయటికి పోదు, ఊపిరి తేమ రేకుకు పట్టి మళ్ళీ పశువు మీదనే కారుతుంది. ఇది చలి కన్నా ఎక్కువ న్యుమోనియా తెస్తుంది. పడుకున్న పశువుకు గాలి నేరుగా తగలకూడదు; కానీ చూరు కింద మూరెడు ఖాళీ తప్పకుండా వదలాలి. తెల్లవారుజామున పరదా ఎత్తకముందు లోపలికి వెళ్ళి పశువు తల ఎత్తుకు వంగి ఒకసారి ఊపిరి పీల్చండి. కళ్ళు మండితే, గొంతు పట్టినట్లయితే ఆ ఖాళీ చాలడం లేదని అర్థం.

ఉట్నూరు వాసి, ఎల్బీనగర్ | నవంబరు 24, ఉదయం 11:05

డాక్టరు గారితో ఒక విషయంలో విభేదిస్తున్నాను, పెద్ద మనసుతో చూడగలరు. నేను పుట్టి పెరిగింది ఉట్నూరు ఏజెన్సీలో. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ జిల్లాల చలి ముందు వికారాబాద్ చలి చిన్నదే. మా ఇళ్ళల్లో డిసెంబరు వచ్చిందంటే కొట్టానికి నాలుగు వైపులా తడకలు కట్టి, పేడ అలికి, ఒక మూలన నెగడు వేసేవారు. రాత్రంతా మొద్దు కాలుతూ ఉండేది. పొగకు దోమలు, జోరీగలు వచ్చేవి కావు. పశువులు బాగానే ఉండేవి. గాలి కోసమని ఖాళీలు వదిలితే ఆ పల్లంలో పరదా కట్టి ఏం లాభం?

విశ్రాంత పశువైద్యుడు, రాజేంద్రనగర్ | నవంబరు 24, మధ్యాహ్నం 1:30

మీ ఇంటి పెద్దలు చేసింది వారి కొట్టానికి సరిపోయింది. ఆ కొట్టానికి గడ్డి కప్పు ఉండేది, తడకకు సందులుండేవి. పొగ కప్పు గుండానే మెల్లగా బయటికి పోయేది. ఇవాళ మనం కట్టేది రేకు, ప్లాస్టిక్ టార్పాలిన్. ఈ రెంటి గుండా ఊపిరి కూడా పోదు. అదే నెగడు ఇక్కడ వేస్తే పొగ అంతా పశువు ఊపిరితిత్తుల్లోకే పోతుంది. నేను ఉద్యోగంలో ఉండగా చలికాలంలో కొట్టాలు అంటుకొని, కట్టేసిన పశువులు పలుపు తెంపుకోలేక కాలిపోయిన ఊళ్ళకు వెళ్ళవలసి వచ్చింది. ఆ పని మరెవరికీ వద్దు. నెగడు వేయాలనుకుంటే కొట్టానికీ గడ్డివాముకూ దూరంగా, గాలి వాలు చూసుకొని, మనిషి మేలుకొని ఉన్నంత సేపే వేసి, పడుకునే ముందు నీళ్ళు చల్లి ఆర్పాలి.

మీ తడక మాట మాత్రం నూటికి నూరుపాళ్ళూ నిజం. ప్లాస్టిక్ కన్నా వెదురు తడక, గోనె పరదా మేలు. అవి గాలి వేగాన్ని ఆపుతాయి, తేమను ఆపవు.

ఇంటి కట్టడం, కూకట్‌పల్లి | నవంబరు 24, సాయంత్రం 6:15

సివిల్ పనులు చేయించే వాడిగా రేకు గురించి రెండు మాటలు. మబ్బు లేని రాత్రి రేకు చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లబడుతుంది. అందుకే తెల్లవారేసరికి దాని అడుగున చెమట పట్టి చుక్కలు కారుతాయి. దీనికి విరుగుడు రేకు కింద మరొక పొర. వెదురు తడక గానీ, గోనె సంచులు విప్పి కుట్టిన పరదా గానీ, రేకుకు జానెడు కిందుగా వాసాలకు బిగించి కట్టించండి. నడుమ నిలిచిన గాలి పొర చలినీ ఆపుతుంది, ఏప్రిల్ వచ్చాక ఎండ వేడినీ ఆపుతుంది కాబట్టి ఈ ఖర్చు రెండు కాలాలకూ పనికి వస్తుంది. రేకు పైన గడ్డి పరచమని కొందరు చెబుతారు. ఒక్క బీడీ నిప్పు చాలు; ఆ పని చేయవద్దు.

గోనె సంచులు టోకున కావాలంటే బేగంబజారు, ఉస్మాన్‌గంజ్ వైపు వెళ్ళండి. ఎరువులకూ పురుగుమందులకూ వాడినవి కాక ధాన్యానికో పప్పులకో వాడినవే అడిగి తీసుకోండి, పశువులు పరదాను నాకుతాయి.

పెంకుటిల్లు అంత చల్లబడదు, మట్టిగోడ అయితే మరీ మంచిది. జారిన పెంకులు సర్దించి, తలుపు కింద సందుకు గుడ్డ చుట్టిన కర్ర అడ్డం పెట్టించి, కిటికీ రెక్కలు సరిగా మూసుకునేలా చూసుకుంటే చాలు. అత్తగారి మంచాన్ని ఉత్తరపు గోడకు ఆనించకుండా రెండడుగులు జరిపించండి. స్నానాల గది ఇంటికి దూరంగా ఉంటే దానికి దారిలో దీపం, చదునైన బండ ముఖ్యం. చలిలో కాళ్ళు బిగుసుకుపోయి పెద్దవారు పడిపోయేది అక్కడే.

మియాపూర్–మోమిన్‌పేట | నవంబరు 24, రాత్రి 9:40

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. మరొక ప్రశ్న. అత్తగారికి మోకాళ్ళ నొప్పులున్నాయి, మామగారికి బీపీ ఉన్నది. రాత్రి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుంటామంటున్నారు. తలుపు వేసి, కిటికీ కాస్త తెరిచి ఉంచితే ఇబ్బంది ఉండదు కదా? నీళ్ళు కాచుకోవడానికి హీటర్ రాడ్డు కొనిపెట్టాలనుకుంటున్నాము.

అత్యవసర విభాగం, సికింద్రాబాద్ | నవంబరు 24, రాత్రి 11:20

అమ్మా, కుంపటి వద్దు. నేను ఆసుపత్రిలో అత్యవసర విభాగంలో పనిచేస్తాను, కాబట్టి ఈ ఒక్క విషయంలో నా మాట కఠినంగా ఉంటే మన్నించండి.

బొగ్గు ఎర్రగా కాలి, పొగ ఆగిపోయిన తరువాతే ప్రమాదం ఎక్కువ. ఎందుకంటే అప్పుడు అంతా సవ్యంగా ఉన్నదని అనుకొని దానిని లోపలికి తెచ్చుకుంటారు. అది వదిలే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు. రక్తంలో ఆక్సిజన్ ఎక్కవలసిన చోట ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. మొదట తలనొప్పి, తరువాత వాంతి వచ్చినట్లు ఉండడం, ఆపైన మత్తు. నిద్రలో ఉన్న మనిషికి ఈ మూడూ తెలియవు. కిటికీ కాస్త తెరవడం సరిపోతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు, అర్ధరాత్రి చలికి లేచి ఎవరో ఒకరు దానిని మూసేస్తారు కూడా. అరుగు మీద కూర్చుని చలి కాచుకోవడానికి కుంపటి మంచిదే. పడుకునే గదిలోకి మాత్రం, ఆరిపోతున్నదని అనిపించినా, రానివ్వవద్దు. ఎవరైనా తలనొప్పితో తూలుతున్నట్లు కనిపిస్తే ముందు ఆరుబయటికి తీసుకువెళ్ళి 108కి ఫోను చేయాలి. గాలి ఆడని స్నానాల గదిలో గ్యాస్ గీజరుకూ ఇదే ప్రమాదం ఉన్నది.

హీటర్ రాడ్డు కూడా నాకు నచ్చదు. వాడక తప్పదంటే ప్లాస్టిక్ బకెట్టు, సరైన ఎర్తింగ్, లీకేజీకి దానంతటదే ఆగిపోయే స్విచ్చు ఉండాలి. ప్లగ్గు తీసిన తరువాతే నీళ్ళలో చేయి పెట్టాలి. పెద్దవారు కరెంటు ఉండగానే వేడి చూద్దామని వేలు ముంచుతారు. బయట కట్టెల పొయ్యి మీద కాగులో కాచుకోవడం మంచిది. తోటలో ఉన్నారు కాబట్టి సౌర వాటర్ హీటరు గురించి కూడా ఆలోచించండి, మన ఆకాశం ఈ నెలల్లో నిర్మలంగానే ఉంటుంది.

వెచ్చదనానికి రబ్బరు సంచిలో వేడి నీళ్ళు పోసి గుడ్డ చుట్టి కాళ్ళ దగ్గర పెట్టవచ్చు. సాక్సులు, తలకు మఫ్లరు, పరుపు కింద మందపాటి బొంత ఉండాలి. చలి పైనుంచి ఎంత వస్తుందో నులక మంచం సందుల్లోంచి కిందనుంచీ అంతే వస్తుంది. చలికి రక్తనాళాలు ముడుచుకొని బీపీ పెరుగుతుంది కాబట్టి మామగారి బీపీని ఈ నెలలో చూపించి, మందులు ఒక నెలకు సరిపడా ఇంట్లో ఉంచండి. నడక పొద్దెక్కిన తరువాతే.

శామీర్‌పేట కోళ్ళు | నవంబరు 25, ఉదయం 8:30

కోళ్ళను అందరూ మరిచిపోయినట్లున్నారు. పెద్ద నాటు కోళ్ళకు చలి పెద్ద ఇబ్బంది కాదు, గూడు పొడిగా ఉండి గాలి నేరుగా కొట్టకపోతే చాలు. నేల మీద మూడు అంగుళాల ఊక పోసి, గడ్డ కట్టినప్పుడల్లా తిరగేస్తూ ఉండాలి. గుడ్లు తగ్గడం చలి వల్ల అనుకుంటారు గానీ అసలు కారణం పగలు తగ్గడం. డిసెంబరు చివర మనకు పగలు సుమారు 11 గంటలే. గుడ్లు సవ్యంగా పెట్టాలంటే కోడికి 14 గంటలకు పైగా వెలుతురు కావాలి. నాలుగు గుడ్ల కోసం దీపాలు పెట్టడం నాకైతే ఇష్టం ఉండదు, వాటికీ విశ్రాంతి కాలం ఉండనివ్వాలి.

జాగ్రత్త అవసరమైనది పిల్లలకు. తల్లి కింద ఉన్న పిల్లల గురించి చింత లేదు. తెచ్చి పెంచే పిల్లలకైతే మొదటి వారం 35 డిగ్రీల వేడి కావాలి, ఆ తరువాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకోవచ్చు. థర్మామీటరు కన్నా పిల్లలే బాగా చెబుతాయి: బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి కుప్పగా ఉంటే చలి, దూరంగా పోయి నోళ్ళు తెరుచుకొని ఉంటే వేడి ఎక్కువ, అంతా ఒక పక్కకే ఒదిగితే రెండో పక్క నుంచి గాలి వస్తున్నదని అర్థం. కరెంటు పోయే ఊళ్ళో జనవరిలో కొత్త పిల్లలు తేకపోవడమే మంచిది. కొక్కెర తెగులుకు టీకా మాత్రం చలి ముదరకముందే వేయించండి.

కోహీర్ జామతోట | నవంబరు 25, మధ్యాహ్నం 12:50

ఇక చెట్ల సంగతి. మామిడికి చలి శత్రువు కాదు. బేనిషాన్‌కు పూత రావాలంటే చల్లని రాత్రులు, పొడి నేల రెండూ కావాలి. ఇప్పుడు నీళ్ళు పెడితే పూతకు బదులు కొత్త ఆకు వస్తుంది, కాబట్టి పిందె బఠాణీ గింజంత అయ్యేదాకా నీళ్ళ ఊసు ఎత్తవద్దు. చలి కన్నా భయపడవలసింది మంచుకు. రాత్రి చల్లగా, తెల్లవారి పొగమంచుగా ఉన్న రోజుల్లో పూత కాడల మీద తెల్లటి పొడి కనిపిస్తే అది బూడిద తెగులు. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాముల చొప్పున, మంచు ఆరిన తరువాత పిచికారీ చేయించండి. పూత బాగా విచ్చుకున్న సమయంలో తేనెటీగలు తిరుగుతుంటాయి కాబట్టి ఏ మందూ కొట్టకపోవడం మంచిది.

బొప్పాయి కథ వేరు. లేత మొక్కలు ఆ పల్లంలో చలికి ముడుచుకుంటాయి. మొక్క చుట్టూ మూడు కర్రలు పాతి జొన్న చొప్పతో గుడిసె కట్టించి, ఆగ్నేయం వైపు తెరిచి ఉంచండి. ఎండ లోపలికి పోతుంది, ఈశాన్యపు గాలి పోదు. చలి గట్టిగా ఉంటుందని చెప్పిన రోజు సాయంత్రం వాటి మొదట్లో తేలికగా బోరు నీళ్ళు పెట్టించండి. తడిసిన నేల పగటి వేడిని ఎక్కువగా పట్టి ఉంచి రాత్రి మెల్లగా వదులుతుంది.

కంది కోసి కల్లంలో వేసిన తరువాత కుప్ప మీద రాత్రి మంచు పడకుండా టార్పాలిన్ కప్పాలి. అయితే పొద్దున ఎండ రాగానే తీసేయాలి, లేకపోతే లోపల చెమట పట్టి గింజ రంగు మారుతుంది. పత్తి ఉన్నవారు కూడా ఇదే గుర్తుంచుకోవాలి. మంచు తడితో ఏరిన పత్తిలో తేమ 12 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. కాబట్టి ఏరడం పొద్దెక్కిన తరువాతే మొదలుపెట్టాలి. కంది కట్టెను తగలబెట్టించకుండా మోపులు కట్టించండి, నీళ్ళు కాచుకోవడానికి ఫిబ్రవరి దాకా వస్తుంది.

సిద్దిపేట వరి | నవంబరు 25, సాయంత్రం 4:10

యాసంగి నారు పోసేవారు ఎవరైనా ఈ చర్చ చదువుతుంటే వారి కోసం రాస్తున్నాను. రాత్రి వేడి 12, 13 డిగ్రీలకు పడితే నారు ఎదగక పసుపు రంగుకు తిరుగుతుంది. సాయంత్రం కర్రల మీద పాలిథీన్ పట్టా కప్పి పొద్దున తీసేయాలి. మడిలో రాత్రి నిలిచిన చల్లటి నీటిని పొద్దున వదిలేసి బోరు నీరు పెట్టాలి. ఆకు మీద తుప్పు మచ్చలు వస్తే జింకు సల్ఫేటు లీటరుకు 2 గ్రాములు కలిపి చల్లాలి. చలిని తట్టుకునే రకం కావాలంటే తెల్లహంస ఉన్నది.

ఉట్నూరు వాసి, ఎల్బీనగర్ | నవంబరు 25, రాత్రి 8:55

డాక్టరు గారి వివరణతో ఏకీభవిస్తున్నాను. గడ్డి కప్పుకూ రేకుకూ తేడా ఉన్నది, ఒప్పుకుంటాను.

కానీ ఇన్ని పోస్టుల తరువాత కూడా ఎవరూ ఎత్తని మాట ఒకటి ఉన్నది. పెంకుటింటి గురించి మాట్లాడుకున్నాము, కొట్టం గురించి, కోళ్ళ గూడు గురించి, బొప్పాయి మొక్క గురించి కూడా మాట్లాడుకున్నాము. రేకుల గదిలో పసిపిల్లలతో ఉన్న కుటుంబం గురించి ఒక్కరమూ మాట్లాడలేదు. ఆ తోటలో అందరికన్నా ఎక్కువ చలి పడేది వారి మీదనే. బర్రె ఈనే రాత్రి మేలుకొని ఉండేదీ వారే, తెల్లవారుజామున పరదా ఎత్తేదీ వారే. అడగడానికి మొహమాటపడతారు, "ఏం కాదు సారూ, అలవాటే" అంటారు. ఆ మాట విని ఊరుకోవద్దని నా మనవి.

కూకట్‌పల్లి వారు కొట్టానికి చెప్పిన రెండో పొరను ముందు ఆ గదికి వేయించండి. పిల్లలు నేల మీద పడుకుంటుంటే రెండు మంచాలు కొనిపెట్టండి. కుంపటి గురించి చెప్పిన జాగ్రత్తను అత్తగారికి ఎంత గట్టిగా చెబుతారో వారికీ అంతే గట్టిగా చెప్పండి. చలికి తాళలేక చిన్న గదిలో, తలుపు బిగించి, నిప్పులు పెట్టుకునే అవకాశం వారికే ఎక్కువ. దుప్పట్ల కన్నా గొంగడి ఇప్పించండి. దక్కని నల్ల గొర్రెల ఉన్నితో నేసిన మన గొంగడి గరుకుగా ఉంటుంది గానీ, మంచులో తిరిగే మనిషికి దానికి సాటి లేదు. మంచు బొట్లు పైనే నిలుస్తాయి, దులిపితే రాలిపోతాయి, లోపలికి దిగవు.

ఇంటి కట్టడం, కూకట్‌పల్లి | నవంబరు 25, రాత్రి 9:30

చాలా సరైన మాట. గది పది అడుగులకు పన్నెండు అనుకుంటే తడక, గోనె పరదా, మేకులు, ఇద్దరు పనివారు – ఒక్క రోజు పని. రేకు మీద బరువుగా పెట్టిన రాళ్ళను కూడా చూసుకోమనండి, చూరు దగ్గర సందుల్లోంచే గాలి దూరుతుంది. ఆ సందులను మట్టితో మెత్తి, పైభాగంలో ఒక్క చిన్న గవాక్షం మాత్రం తెరిచి ఉంచాలి. వంట లోపలే చేసుకుంటుంటే పొయ్యిని బయట ఒక చిన్న చూరు కిందికి మార్పించండి.

అత్యవసర విభాగం, సికింద్రాబాద్ | నవంబరు 25, రాత్రి 10:45

కట్టెల కుప్ప, గడ్డివాము, గోనెల దొంతర – పాములకూ తేళ్ళకూ ఈ కాలంలో ఇష్టమైన చోట్లు. రక్తపింజర చలికాలంలోనూ తిరుగుతుంది, కదలకుండా పడి ఉంటుంది కాబట్టి కనిపించదు. కట్టెలను ఇంటి గోడకు ఆనించకుండా, నేలకు అడుగు ఎత్తున రాళ్ళ మీద పేర్పించండి. తీసే ముందు కర్రతో తట్టడం, చేతిలో టార్చి, కాలికి బూటు పిల్లలకు కూడా అలవాటు చేయాలి. కాటు పడితే కట్టు కట్టడం, కోయడం, పసరు పోయడం వంటివి చేయకుండా, కాటు పడిన అవయవాన్ని కదలనివ్వకుండా, విషానికి విరుగుడు మందు ఉన్న ప్రభుత్వాసుపత్రికి వెంటనే చేర్చాలి. ఏ ఆసుపత్రిలో ఆ మందు ఉన్నదో ఇప్పుడే కనుక్కొని, తోటలో అందరికీ కనిపించేలా గోడ మీద రాసి పెట్టండి.

మియాపూర్–మోమిన్‌పేట | నవంబరు 26, రాత్రి 9:15

ఇంట్లో అందరమూ కూర్చొని ఈ పోస్టులన్నీ చదివాము. మామగారికి ఫోనులో కుంపటి గురించిన పోస్టు మొత్తం చదివి వినిపించాను. అరుగు మీదనే కాచుకుంటామని మాట ఇచ్చారు.

పనుల వరుస ఇలా అనుకున్నాము. ఈ ఆదివారం రేకుల గదికి తడక, గోనె పొర, మంచాలు, నాలుగు గొంగళ్ళు. ఆ కుటుంబంతో మాట్లాడితే, ఉట్నూరు వారు చెప్పినట్లే, మొదట ఏమీ అక్కరలేదన్నారు. చిన్నవాడికి రాత్రుళ్ళు దగ్గు వస్తున్నదని తరువాత వాళ్ళ అమ్మ చెప్పింది. వాడిని రేపు ఆసుపత్రిలో చూపిస్తున్నాము. ఆ తరువాతి వారం కొట్టానికి ఉత్తరం వైపు తడక, తూర్పు వైపు చుట్టి కట్టే గోనె పరదా, థర్మామీటరు. పెంకులు సర్దడం, స్నానాల గది దారికి దీపం ఈలోగానే అయిపోతాయి. బొప్పాయికి చొప్ప గుడిసెలు మామగారే కట్టిస్తామన్నారు.

డాక్టరు గారూ, ఈనబోయే బర్రె విషయంలో ఆ రాత్రి మేము అక్కడ ఉండకపోవచ్చు. కాపలా ఆయనకు ఏమేమి సిద్ధంగా ఉంచుకోమని చెప్పాలి?

విశ్రాంత పశువైద్యుడు, రాజేంద్రనగర్ | నవంబరు 27, ఉదయం 6:50

ఈనే చోటును కొట్టంలో గాలి తగలని పడమర గోడ పక్కన కేటాయించి, అక్కడ వరిగడ్డి మందంగా పరిపించండి. తడిసిన గడ్డిని ఏ పూటకు ఆ పూట మార్చాలి. శుభ్రమైన పొడి గోనెలు నాలుగు, పాత నూలు గుడ్డలు, టించరు అయోడిన్ సీసా, కొత్త బ్లేడు, మరిగించి ఆరబెట్టిన దారం, టార్చి – ఇవన్నీ ఒక డబ్బాలో పెట్టి కొట్టంలోనే వేలాడదీయండి.

దుడ్డె పడగానే ముక్కు, నోటిలోని జిగురు తీసి, తల్లిని నాకనివ్వాలి. తల్లి నాకకపోతే గోనెతో ఒళ్ళంతా గట్టిగా రుద్ది పూర్తిగా ఆరబెట్టాలి. తడి ఒంటితో ఉన్న దుడ్డెకు 15 డిగ్రీలు కూడా చలే. బొడ్డును రెండు అంగుళాలు వదిలి కట్టి, కోసి, అయోడిన్‌లో ముంచాలి. మొదటి గంటలోనే ముర్రుపాలు తాగించాలి, మాయ పడేదాకా ఆగవలసిన పని లేదు. రోజు మొత్తానికి దుడ్డె బరువులో పదో వంతు, అంటే 30 కిలోల దుడ్డెకు దాదాపు మూడు లీటర్లు, మూడు నాలుగు విడతలుగా పట్టించాలి. ఆ తరువాత గోనెను వీపు మీదుగా వేసి పొట్ట కింద వదులుగా కట్టండి. పగలు ఎండలో తీసేయాలి, తడిస్తే మార్చాలి.

నొప్పులు మొదలై ఉమ్మనీటి సంచి పగిలిన రెండు గంటలకు కూడా దుడ్డె రాకపోతే లాగే ప్రయత్నం చేయవద్దని గట్టిగా చెప్పండి. 1962కు ఫోను చేస్తే పశువుల సంచార వాహనం వస్తుంది. అయితే దాని సేవలు పగటి వేళకే పరిమితం కావచ్చు కాబట్టి మోమిన్‌పేట పశువైద్యుని ఫోను నంబరు కూడా ఆ డబ్బా మూత మీద రాయించండి. గాలికుంటు టీకా ఆరు నెలలు దాటి ఉంటే ఆవుకూ రెండో బర్రెకూ ఈ వారంలోనే వేయించండి. చూలు బర్రె సంగతి ఆయన చూసి చెబుతారు. దానికి నట్టల మందు కూడా ఆయనను అడగకుండా తాగించవద్దు.